కంటి చుక్కల కేసు

ఆమె కోర్టులో స్టెనోగ్రాఫర్. జడ్జిగారి ఎత్తు బల్లకి కింద, సాక్షి బోనుకి పక్కగా ఉన్న చిన్న బల్ల ఆమెది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ బల్ల ముందే కూర్చుని, ఆ గదిలో ఎవరేమన్నా అక్షరం పొల్లు పోకుండా దించుతూ వచ్చింది. ప్లీడర్లు గొంతు చించుకుంటారు, సాక్షులు కళ్ళు తుడుచుకుంటారు, జడ్జిగారు విసుక్కుంటారు. ఆమె వేళ్ళు మాత్రం ఆగకూడదు. నోరు మాత్రం మెదపకూడదు.

మొదట్లో మాటలు చెవిలో పడి వేళ్ళలోంచి జారిపోయేవి. ఏళ్ళు గడిచేకొద్దీ కొన్ని మాటల దగ్గర వేళ్ళు తడబడసాగాయి. ఏదో తప్పు ఉంది, ఎక్కడుందో తెలియదు. ఒకసారి వానలో గోడ కూలిన కేసు నడిచింది. పునాది బలంగా లేదని ఒక మేస్త్రీ సాక్ష్యం చెప్పాడు. అవతలి పక్షం ముసలి ప్లీడరు లేచి, ఆ మేస్త్రీ సొంత అన్నతో కొట్లాడి వేరుపడ్డ మనిషి అవునా కాదా అని అడిగాడు. మేస్త్రీ అవునన్నాడు. అంతే, ప్లీడరు కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో ఆ ప్లీడరు ఎదురుపడితే ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ గోడకీ, ఆయన అన్నకీ ఏం సంబంధమండీ?"

"ఏ సంబంధమూ లేదమ్మా" అన్నాడు ఆయన టీ చల్లార్చుకుంటూ. "కానీ నువ్వే చెప్పు. ఆ మాట విన్నాక నీకు ఆ మేస్త్రీ ముందులాగే కనపడ్డాడా?"

కనపడలేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది. తప్పని తెలిసే చేస్తున్నాడు, చేస్తున్నానని చెప్తున్నాడు, పైగా అది పనిచేస్తోంది.

అప్పటినుంచి ఆమె అలాంటి మాటలకి మనసులోనే పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాటకి జవాబు చెప్పకుండా చెప్పినవాడి మీద పడితే అది 'మనిషి మీద పడటం'. ఎదుటివాడు అననిది అన్నట్టు చూపించి దాన్ని ఖండిస్తే 'అంటగట్టడం'. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగింది కాబట్టి దీనికి అదే కారణమంటే 'ముందూ వెనకల ముడి'. ఇవి పుస్తకాల్లో చదివినవి కావు. చీరల అంచులకి పేర్లు పెట్టుకున్నట్టు గుర్తుకోసం పెట్టుకున్నవి. పెట్టుకున్నాక ఇంకో చిక్కు వచ్చిపడింది. బస్సులో, కూరగాయల దగ్గర, టీవీలో, ఇంట్లో ఎక్కడ విన్నా అవే వినపడసాగాయి. చెప్పులో చిన్న రాయి పడ్డట్టు, తీసి పారేయలేదు, నడవకుండా ఉండలేదు.

కోర్టులో నోరెత్తకూడదు సరే. ఇంట్లో ఎత్తింది. ఇంట్లో ఎత్తినందుకు అత్తగారు ఆమెకి 'జడ్జమ్మ' అని పేరు పెట్టింది.

అత్తగారంటే అల్లాటప్పా మనిషి కాదు. చిన్న వయసులోనే భర్త పోతే కుట్టుమిషను ముందు కూర్చుని ఇద్దరు కొడుకుల్నీ పెంచుకొచ్చింది. పెద్దకొడుకు రంగుల దుకాణం పెట్టుకుని రెండు వీధుల అవతల వేరే కాపురం ఉంటున్నాడు. చిన్నకొడుకు, అంటే ఈమె భర్త, బస్సు డిపోలో టైమ్ కీపరు. అత్తగారు వీళ్ళతోనే ఉంటుంది. ఇప్పటికీ వీధిలో ఆడవాళ్ళు జాకెట్లు పట్టుకొస్తే కొలత టేపు తీయకుండా కంటితో చూసే కత్తిరిస్తుంది. ఆ కన్ను మీద ఆవిడకి అంత నమ్మకం.

ఆ కన్నే దెబ్బతింది. మొదట ఎవరూ గమనించలేదు. ఎడంపక్క ఉన్న గ్లాసు చేయి తగిలి పడిపోయేది. సగం తెరిచిన తలుపుకి భుజం కొట్టుకునేది. "ఎవరమ్మా ఈ తలుపిలా వదిలేసింది" అని కసిరేది. ఒకరోజు జాకెట్టుకి ఎడమ చెయ్యి అతికిస్తూ సూది వేలిలోకి దించుకుంది. అప్పుడు కోడలే బలవంతాన కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. భర్త కూడా వచ్చాడు.

అక్కడ ఒక పెద్ద గిన్నెలాంటి మిషనులో తల పెట్టమన్నారు. లోపల అక్కడో ఇక్కడో చిన్న లైటు వెలుగుతుంది, కనపడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. పరీక్ష అయ్యాక డాక్టరు కాగితం చూపించాడు. ఎడమ కంటికి ఒక పక్కంతా నల్లగా ఉంది.

"ఈ వైపు లైట్లు మీరసలు నొక్కలేదమ్మా" అన్నాడు.

"ఆ వైపు లైట్లు వెయ్యలేదు మీవాళ్ళు" అంది అత్తగారు.

డాక్టరు ఓపికగానే చెప్పాడు. కంట్లో ఒత్తిడి పెరిగింది, నీటికాసులంటారు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది పోకుండా కాపాడుకోవాలంటే రోజూ పొద్దునా సాయంత్రం చుక్కలు వేసుకోవాలి, జీవితాంతం. మందు చీటీ రాస్తూ మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగాడు. సుగరుందా, బీపీ ఉందా, ఆయాసం లాంటిదేమైనా ఉందా. "ఏమీ లేవండీ, మా అమ్మ ఉక్కు మనిషి" అన్నాడు కొడుకు. అత్తగారు అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

రెండు నెలలు చుక్కలు సవ్యంగానే సాగాయి. తర్వాత ఒకరోజు సీసా ఎక్కడ ఉండాల్సింది అక్కడే, నిండుగా ఉండాల్సినదానికన్నా నిండుగా కనిపించింది కోడలికి. అడిగితే "మానేశాను" అంది అత్తగారు, పప్పు మానేశాను అన్నంత తేలిగ్గా.

వారం రోజులు నచ్చజెప్పి, చెప్పి, గొంతు ఎండిపోయాక భర్త ఆదివారం అన్నగారిని పిలిపించాడు. "అన్నయ్య చెప్తే వింటుంది" అన్నాడు. అన్నగారు చొక్కా చేతుల మీద ఆకుపచ్చ రంగు మరకతోనే వచ్చి, వాలుకుర్చీలో కూర్చుని, తల్లి ఇచ్చిన టీ అందుకుని, తల్లి వైపే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మా షాపు పక్క సెలూన్ ఆయన వాళ్ళమ్మ ఆ ఆసుపత్రికే వెళ్ళింది. ఏడాది తిరక్కుండా రెండు కళ్ళూ పోయాయి. ఇంక దాని మీద మాటేముంది?"

"ఆవిడకొచ్చిన జబ్బేమిటి బావగారూ?" అంది ఆమె.

"కంటిజబ్బే."

"కంటికి బోలెడు జబ్బులుంటాయి కదా. పైగా చూపు ఉన్నప్పుడు వెళ్ళిందో, పోతున్నప్పుడు వెళ్ళిందో."

"అవన్నీ నాకెలా తెలుస్తాయమ్మాయ్? పోయాయా లేదా, అదీ సంగతి."

అత్తగారు అందుకుంది. "అసలా డాక్టరుకే సోడాబుడ్డి కళ్ళద్దాలు. తన కళ్ళు బాగుచేసుకోలేనివాడు నా కళ్ళేం బాగుచేస్తాడు?"

భర్త పకపకా నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. మనిషి మీద పడటం, అనుకుంది. కానీ పేరు తెలిసినంత మాత్రాన ఏమవుతుంది? గదిలో అందరూ నవ్వుతున్నారు.

"డాక్టరు కళ్ళు ఎలా ఉంటే మనకెందుకు అత్తయ్యా. మందు పనిచేస్తోందా లేదా చూడాలి."

"చూశాగా. రెండు నెలలు వేసుకున్నా. వీసమెత్తు చూపు పెరిగిందా?"

"పెరగదు. ఆయన ముందే చెప్పాడు. ఉన్నది పోకుండా ఉండటానికే ఆ చుక్కలు."

"ఉన్నది ఉన్నట్టే ఉంటే ఇంక చుక్కలెందుకు?"

దీనికి జవాబుంది, చాలా తేలికైన జవాబుంది. కానీ అది చెప్పడానికి నాలుగు వాక్యాలు కావాలి. ఆ ఇంట్లో ఎవరూ నాలుగు వాక్యాలు ఆగరు.

"అమ్మమ్మ ఏ మందూ మింగకుండానే నిండా బతికింది" అన్నాడు బావగారు.

"ఆవిడ చివర్లో మనుషుల్ని గొంతుతో తప్ప గుర్తుపట్టేది కాదని మీరే చెప్పారు."

"అది వయసు. నేను చెప్పేది విను. ఇవాళ చుక్కలంటారు. రేపు ఆపరేషన్ అంటారు. ఎల్లుండి కన్నే తీసెయ్యాలంటారు. ఒకసారి తలొగ్గామా, ఇంక వాళ్ళ చేతుల్లో పడ్డట్టే."

"ఇప్పటికి చుక్కలే కదా అన్నారు. ఆపరేషన్ అన్న రోజున ఆలోచిద్దాం."

"అంటే మా అమ్మ కన్ను తీసేస్తానన్నా ఆలోచిస్తావన్నమాట."

"నేనామాట అనలేదు."

"ఇప్పుడే అన్నావు. చిన్నోడా, విన్నావా లేదా?"

చిన్నోడు సీలింగు వైపు చూశాడు. ఆమె చేతివేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదులుతున్నాయి, టైపు చేస్తున్నట్టు. కోర్టులో అయితే వెనక్కి తిప్పి చదివి వినిపించగలదు, ఎవరు ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు. ఇక్కడ ఎవరికి కావాలి?

"బావగారూ, మీరిప్పుడు చేసినదాన్ని ఏమంటారో తెలుసా? నేను అననిది నాకు అంటగట్టి దానికి జవాబు చెప్తున్నారు. ఇందాక ఒక్కావిడని చూపించి అందరికీ అంతే అన్నారు. అత్తయ్యేమో డాక్టరు కళ్ళద్దాల గురించి. ఇవన్నీ వాదనలు కావు."

"ఇది కోర్టు కాదు" అన్నాడు భర్త మెల్లిగా.

"జడ్జమ్మ తీర్పు చెప్పింది" అంది అత్తగారు.

"అయినా నీకెందుకమ్మా ఇంత పట్టుదల?" అన్నాడు బావగారు. "ఆవిడకి కళ్ళు కనపడితే ఇంటెడు చాకిరీ చేసిపెడుతుందనా?"

ఆ మాటకి ఆమె మొహం జేవురించింది. పొద్దున లేచి వంట చేసి, కోర్టుకెళ్ళి, వచ్చి మళ్ళీ వంట చేసేది తనే. అది చెప్పుకోవడం మొదలుపెడితే చుక్కల సంగతి గాలికి పోతుంది. చెప్పుకోకపోతే ఆ మాట అలాగే గదిలో ఉండిపోతుంది. అదే ఆ మాటకున్న బలం.

అప్పుడు అత్తగారు, నవ్వు తగ్గించి, కొంచెం వేరే గొంతుతో అంది. "అదీగాక, ఆ చుక్కలు మొదలుపెట్టిన కాణ్ణుంచీ కళ్ళు తిరుగుతున్నట్టుండేది. మేడ మెట్లెక్కుతుంటే ఊపిరాడేది కాదు. అవి నాకు పడవే."

ఇదింకొకటి, అనుకుంది కోడలు. ముందూ వెనకల ముడి. అంతసేపూ బిగపట్టిన కోపమంతా ఆ ముడి మీదికే వచ్చింది.

"చుక్కలు మొదలెట్టినప్పట్నుంచే పక్కింటి కుక్క కూడా అరుస్తోంది అత్తయ్యా. అది కూడా చుక్కల వల్లేనా?"

ఈసారి భర్తతోపాటు బావగారు కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం మొత్తంమీద ఆమె గెలిచిన మాట అదొక్కటే. అత్తగారు నవ్వలేదు. టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, తలుపు దగ్గర ఎడమ భుజం కాస్త తాకించుకుని.

కొడుకులిద్దరూ ఏదో గొణుక్కుని చివరికి, డాక్టరు రాశాడు కాబట్టి ఇంకొన్నాళ్ళు వేసి చూద్దామన్నారు. వాదన వల్ల కాదు, విసుగెత్తి. ఆమెకి అది చాలు. ఆ సాయంత్రం నుంచి చుక్కలు తనే వేయసాగింది. అత్తగారు కుర్చీలో తల వెనక్కి వాల్చేది, పైకప్పు చూస్తూ. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఇంత నోరున్న మనిషి మాట్లాడకపోతే ఏదో ఉందని ఇంకెవరైనా అనుకునేవారు. అలిగిందనుకుంది కోడలు. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళడం మానేస్తే, తన మీద కోపంతోననుకుంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేస్తే, సాధింపనుకుంది.

ఒకరోజు పొద్దుటిపూట కోర్టులో ఏదో దారి తగాదాలో వాదనలు జరుగుతున్నాయి. బంట్రోతు వంగి ఆమె చెవిలో చెప్పాడు. "మీ అత్తగారు పడిపోయారంట. మీ ఆయన ఫోన్ చేశారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారంట."

ఆమె జడ్జిగారి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ముసలి ప్లీడరు మంచి ఊపులో ఉన్నాడు. "ఈ దారి ఇవాళ వదిలితే, రేపు పెరడు అడుగుతారు, ఎల్లుండి ఇల్లే అడుగుతారు" అంటున్నాడు. ఆమె టైపు చేసింది. పెరడు అడుగుతారు. ఇల్లే అడుగుతారు. ఆయన నీళ్ళు తాగడానికి ఆగేదాకా ఆమెకి లేచే వీలు చిక్కలేదు.

ఆసుపత్రి వరండాలో బావగారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమెని చూడగానే "చూశావుగా" అన్నాడు. "వాకిట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలబడిపోయింది. చుక్కలు పడవని నెత్తీ నోరూ బాదుకుంది ఆవిడ."

పరుగెత్తుకొచ్చిన ఆయాసంలో కూడా ఆమె నోరు ఊరుకోలేదు. "పడిపోతే చుక్కల వల్లే పడిందని ఎలా చెప్తారు? నీరసం కావచ్చు. ఎండ కావచ్చు."

తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి ఆ మాటే ముల్లులా గుచ్చుకునేది. మనిషి లోపల ఎలా ఉందో అడగక ముందే, వాదనలో తప్పు పట్టింది.

లోపల డ్యూటీ డాక్టరు చిన్నపిల్లలా ఉంది. అత్తగారి మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. నాడి బాగా నెమ్మదిగా ఉందని చెప్పింది. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పిల్లికూతలు వినపడుతున్నాయంది. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

"ఏమీ వాడదండీ" అన్నాడు భర్త.

"ఏమీ అంటే ఏమీ కాదా? కాళ్ళనొప్పులకి, నిద్రకి? కంట్లో చుక్కలేమైనా?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆమె చేతిసంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. సాయంత్రం మర్చిపోకుండా వేయాలని ఆ మధ్య దాన్ని తనతోనే ఉంచుకుంటోంది. డాక్టరమ్మ సీసా మీది చీటీ చదివి, అత్తగారి వైపు వంగింది.

"అమ్మా, మీకు ఎప్పుడైనా ఆయాసం ఉండేదా? చిన్నప్పుడైనా సరే."

"ఉండేది" అంది అత్తగారు. "చలికాలం వస్తే కూర్చునే నిద్రపోయేదాన్ని. పిల్లలు పుట్టాక తగ్గిపోయింది."

"మరి కంటి డాక్టరుతో చెప్పలేదా?"

"ఆయన అడిగింది నన్ను కాదుగా."

డాక్టరమ్మ బయటికొచ్చి నిదానంగా వివరించింది. కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండిపోదు. కొనలో ఉన్న సన్నటి దారిలోంచి ముక్కులోకి, గొంతులోకి దిగి రక్తంలో కలుస్తుంది. చాలామందికి ఏమీ కాదు. ఆయాసం ఉన్నవాళ్ళకి ఈ రకం మందు మాత్రం ఇవ్వకూడదు. గుండె వేగం తగ్గిస్తుంది, ఊపిరి బిగుస్తుంది. "కళ్ళు తిరుగుతున్నాయని ఇంట్లో ఎప్పుడూ అనలేదా ఆవిడ?" అని అడిగింది.

"అంది" అన్నాడు బావగారు, మరదలి వైపు చూస్తూ.

ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చిరాకు. తన మీద, అత్తగారి మీద, ఆదివారం మధ్యాహ్నం మీద. అత్తగారు అన్న మాటల్లో ఒక్కటి నిజం. ఆ ఒక్కటీ డాక్టరు కళ్ళద్దాలకీ, అమ్మమ్మ ఆయుష్షుకీ మధ్యన, అదే గొంతుతో, అదే వరసలో వచ్చింది. మిగతా అన్నీ ఎలా తోసేసిందో దాన్నీ అలాగే తోసేసింది. కారణం చెప్పడం చేతకాలేదు ఆవిడకి. ఒంట్లో ఏమవుతోందో చెప్పడం చేతనైంది. రెండూ వేరని తనకి తెలిసి ఉండాల్సింది. తర్వాత జరిగింది కాబట్టి దానివల్లే అనుకోకూడదు, నిజమే. దానివల్ల కాదు అనుకోవడానికి మాత్రం ఏ ఆధారముంది? అది కూడా తను చూసి చెప్పింది కాదుగా, కుక్క మాట చెప్పి నవ్వించింది.

మందు మానిపించాక నాలుగైదు రోజుల్లో అత్తగారు తేరుకుంది. మెట్లెక్కింది, దిగింది, పక్కవాళ్ళతో గొడవపడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది.

"ఇంక ఈ ఇంట్లోకి చుక్కలనేవి రాకూడదు" అన్నాడు బావగారు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. సెలూన్ ఆయన వాళ్ళమ్మ గురించి చెప్పానా లేదా?"

"ఆవిడకీ దీనికీ సంబంధం లేదు బావగారూ. ఈ రకం మందు పడలేదు, వేరే రకాలున్నాయట. కంటి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెప్తే మారుస్తాడు. కంట్లో ఒత్తిడి అలాగే ఉంది కదా."

"నువ్వు చెప్పావనే కదా ఇంతదాకా వచ్చింది."

పోయినసారి పొరబడింది కాబట్టి ఈసారి చెప్పేది కూడా తప్పేనంటే అది వాదన కాదు, మనిషి మీద పడటమే. అది ఆమెకి తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు పెగలడం లేదు. భర్తని ఏకాంతంలో పట్టుకుంటే "కొన్నాళ్ళు ఆగుదాం, ఇప్పుడే కదా లేచింది" అన్నాడు. ఆ కొన్నాళ్ళూ వారాలయ్యాయి. పొద్దున కోర్టుకి వెళ్తూ ఆమె అత్తగారి నడక చూసేది. తలుపు దగ్గర భుజం ఇదివరకటికన్నా గట్టిగా తగులుతోంది. చెప్పబోయి ఆగిపోయేది. కోర్టులో నోరు మూసుకోవడం ఉద్యోగం. ఇంట్లో అది శిక్షలా ఉంది.

చివరికి ఒక సాయంత్రం ఆమె కోర్టునుంచి వచ్చేసరికి అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీది గుడ్డ తీసి ఉంది. కుట్టడం లేదు. సూదిలోకి దారం ఎక్కించాలని చూస్తోంది. ఆమె చెప్పులు విడిచి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఎక్కించి ఇస్తాననలేదు.

"అత్తయ్యా, ఆ చుక్కలేసుకున్న రోజుల్లో మీకెలా ఉండేదో చెప్పండి. మొదట్నుంచీ."

అత్తగారు అనుమానంగా చూసింది. "ఎందుకు? తీర్పు రాస్తావా?"

"రాయను. ఆ రోజు మీరు చెప్తుంటే కుక్క గురించి మాట్లాడాను. తప్పయింది. ఇప్పుడు వింటాను."

అత్తగారు కాసేపు దారంతోనే కుస్తీ పట్టింది. తర్వాత చెప్పింది. చుక్క పడిన కొంతసేపటికి గొంతులో చేదు తగిలేది. ఇంకాసేపటికి గుండెల మీద ఎవరో మడిచిన దుప్పటి పెట్టినట్టుండేది. మధ్యాహ్నానికి తేలికపడేది. సాయంత్రం మళ్ళీ. చుక్క వేయని రోజు ఆ బరువు ఉండేది కాదు. ఆ మాట ఆమె చెవిలో టక్కున పడింది. వేయని రోజు ఉండేది కాదు. అంతకన్నా మంచి సాక్ష్యం కోర్టులో కూడా అరుదుగా వింటుంది. ఆవిడ అప్పుడే మానేసి చూసింది. మానేశానని చెప్పింది కూడా. ఎందుకు మానేశావని ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు సరిగా అడగలేదు. కళ్ళద్దాల జోకుకి నవ్వారు, దానికి జవాబులిచ్చారు.

"మరి ఇప్పుడు కన్నెలా ఉంది?"

అత్తగారు కుడికన్ను అరచేత్తో మూసుకుంది. మిషను వైపు చూసింది. కాస్త తల తిప్పి మళ్ళీ చూసింది. "చక్రం కనపడట్లేదు" అంది. "చక్రం ఇక్కడే ఉందని తెలుసు కాబట్టి ఉందనుకుంటున్నా."

ఆమె కంగారు పైకి కనపడనీయలేదు. "రేపు సెలవు పెడతాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామా? ఆయాసం సంగతి ఈసారి మీరే చెప్పండి. వేరే మందిస్తాడు."

"ఆయన దగ్గరికి నేను రాను."

"ఎందుకని?"

"ఆయన నా మొహం చూడకుండా మాట్లాడాడు. మొన్న పెద్దాసుపత్రిలో ఆ పిల్ల చూడు, ఎంతసేపు చెయ్యి పట్టుకుందో. వేలికి ఉంగరం కూడా లేదు, ఎంత నెమ్మది పిల్లో. ఆ పిల్ల వేసుకోమంటే ఏ చుక్కలైనా వేసుకుంటా."

ఆ పిల్ల కంటి డాక్టరు కాదు. చెయ్యి పట్టుకోవడానికీ, వేలికి ఉంగరం లేకపోవడానికీ, కంట్లో ఒత్తిడికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని గుటకవేసి మింగేసింది. మాత్ర మింగినట్టు అడ్డంగా దిగింది.

"సరే అత్తయ్యా. ఆ అమ్మాయి దగ్గరికే వెళ్దాం."

మర్నాడు వెళ్ళారు. డాక్టరమ్మ నవ్వి, తను చూసేది కళ్ళు కాదని చెప్పి, అదే ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్న కంటి విభాగానికి స్వయంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆ పిల్ల తీసుకెళ్ళింది కాబట్టి అక్కడి డాక్టరు మంచివాడే అయ్యుంటాడని అత్తగారు నిర్ణయించుకుంది. ఆయనకీ కళ్ళద్దాలున్నాయి. ఆ ఊసెత్తలేదు. ఆయాసం గురించి అడక్కముందే చెప్పింది, చలికాలంలో కూర్చుని పడుకున్న రాత్రులతో సహా. ఆయన మళ్ళీ ఆ గిన్నె మిషను పరీక్ష చేయించి, వేరే రకం చుక్కలు రాశాడు. వేశాక కంటి కొనని వేలితో కాసేపు నొక్కిపట్టి ఉంచమన్నాడు. ఎడమకంట్లో పోయింది చాలానే పోయిందన్నాడు. మొదటిసారి చూసిన కాగితం కన్నా ఈ కాగితంలో నలుపు ఎక్కువగా ఉంది. మధ్యలో ఊరికే పోయిన వారాలన్నీ ఆ నలుపులో ఉన్నాయి. వాటిలో తన వంతు ఎంత, బావగారి వంతు ఎంత, మొదటి డాక్టరు వంతు ఎంత అని ఆమె బస్సులో లెక్కవేయబోయింది. తేలలేదు.

కొత్త చుక్కలు పడ్డాయి. కుడికన్నూ, ఎడమకంట్లో మిగిలిన చూపూ నిలబడ్డాయి. అత్తగారు ఇప్పుడు రోజూ తనే వేసుకుని, కొన నొక్కుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఆ కాసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. జాకెట్లు కుట్టడం తగ్గించింది. టేపు వాడుతోంది. బావగారు మాత్రం వచ్చినప్పుడల్లా, "నేను ఆ రోజు గట్టిగా అడ్డుపడకపోతే అమ్మ ఏమైపోయేదో" అంటుంటాడు. భర్త తలూపుతాడు. ఆమె టీ తెచ్చి ఇస్తుంది.

కోర్టులో ఒకసారి క్యాంటీన్లో ముసలి ప్లీడరుకి ఇదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "చివరికి మీ అత్తగారు ఎందుకొప్పుకున్నారన్నావు? ఉంగరం లేదనా?" అని అడిగి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆమెకి మళ్ళీ ఒళ్ళు మండింది. లేచి వచ్చేసింది.

ఇంట్లో కష్టమేమిటంటే, అత్తగారికి ఇప్పుడు తిరుగులేని ఆయుధం ఒకటి దొరికింది. గ్యాసు స్టవ్వు గురించైనా, పక్కింటి అద్దెవాళ్ళ గురించైనా, మాట ఎటు తిరిగినా చివరికి అక్కడికే వస్తుంది. చుక్కల విషయంలో ఎవరి మాట నిజమైంది? కాబట్టి ఇందులో కూడా అంతే. ఆ 'కాబట్టి' వినపడినప్పుడల్లా కోడలి వేళ్ళు ముడుచుకుపోతాయి. ఆ కాబట్టిలో ఏముందో ఆమెకి తెలుసు. అయినా ఇదివరకటిలా నోటికొచ్చింది అనేయదు. ముందు వెళ్ళి చూస్తుంది. చూడటం వల్ల సగం సాయంత్రాలు వృథా అవుతున్నాయి.

మొన్నొక రోజు ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే అత్తగారు మొదలుపెట్టింది.

"పై వాటావాళ్ళు పైపు మార్పించినప్పట్నుంచీ మన కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయి."

ఆమె సంచి కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసింది. కాసేపు వదిలి మళ్ళీ పట్టింది. గ్లాసులో పట్టి చూసింది. స్నానాలగదిలో కుళాయి కూడా చూసింది. వరండాలో ఉన్న భర్తని పిలిచి చూడమంది. ఆయన కూడా చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏ వాసనా లేదు అత్తయ్యా" అంది చేతులు తుడుచుకుంటూ.

అత్తగారు కంటి కొన నొక్కుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరవకుండానే అంది.

"ఇద్దరికీ జలుబు చేసిందేమో చూసుకోండి."